కిడ్నీ కోసం ఎదురుచూసే ఇంటికి ఊరంతా తోడు రావాలి!



మన ఉద్దానంలో కవిటి, కంచిలి, సోంపేట, ఇచ్ఛాపురం, మందస, పలాస, వజ్రపుకొత్తూరు మండలాల్లో కిడ్నీ జబ్బు సంగతి ఎవరికీ కొత్తగా చెప్పక్కర్లేదు. తండ్రి పోయిన దుఃఖం తీరకముందే కొడుక్కి క్రియాటినిన్ పెరిగిందని తెలిసిన కుటుంబాలు మన మధ్యే ఉన్నాయి. మన నీళ్లు పరీక్షించారు, మట్టి పరీక్షించారు, రక్తం తీసుకెళ్లారు. ఇదీ కారణమని ఇప్పటికీ ఎవరూ తేల్చలేదు. పలాసలో 200 పడకల కిడ్నీ ఆస్పత్రి, హిరమండలం నుంచి మంచినీళ్ల పథకం 2023 డిసెంబరు 14న ప్రారంభమయ్యాయి. ఏళ్ల తరబడి అడిగితే వచ్చినవి అవి. సరిగా నడవాలని ఇంకా అడుగుతూనే ఉందాం.

అయితే ఏ ప్రభుత్వమూ చేయలేని పని ఒకటి మన చేతుల్లో ఉంది. ‘కిడ్నీ మార్చాలి’ అని డాక్టరు చెప్పిన నాటి నుంచి ఆ ఇల్లు ఒంటరిదైపోతోంది. మొదటి నెల పళ్లు పట్టుకుని చూడడానికి వెళ్తాం. మూడో నెలకు ఫోనుతో సరిపెడతాం. ఆరో నెలకు అప్పు అడుగుతారేమోనని వీధి మార్చి నడుస్తాం. ఇది మారాలి. ఆ మాట మీ గడప దాకా తేవడానికే ఈ కరపత్రం వేశాం.

2018 అక్టోబరు 11న తిత్లీ తుపాను మన కొబ్బరి, జీడి తోటల్ని కూల్చిన రోజు గుర్తుందా? రోడ్డుకు అడ్డంగా పడిన చెట్లను నరకడానికి ఎవరి గొడ్డలి వాళ్లు పట్టుకుని బయటికి వచ్చాం. ఎవరి చెట్టు, ఎవరి ఇల్లు అని చూడలేదు. కిడ్నీ పాడైన ఇంట్లోనూ అంత తుపానే వచ్చింది. కాకపోతే అది ఒక్క రాత్రిలో పోదు, ఏళ్లుంటుంది.

తోడు వెళ్లే మనిషికి తోడెవరు?

డయాలసిస్ అంటే వారానికి రెండు మూడుసార్లు, వెళ్లినప్పుడల్లా నాలుగేసి గంటలు మిషను పక్కన పడుకోవడం. రానుపోను ప్రయాణం, ఇంటికొచ్చాక నీరసం, కళ్లు తిరగడం అన్నీ కలిపితే ఒక రోజు పోయినట్టే. రోగి ఒక్కడి రోజే కాదు, వెంట వెళ్లిన భార్యది కూడా. ఆమె జీడిపిక్కల ఫ్యాక్టరీలో కూలికి వెళ్లే మనిషైతే వారానికి మూడు రోజుల కూలి పోయినట్టు. పొయ్యి మీద కూడు ఎవరు వండాలి? బడి నుంచి వచ్చిన పిల్లల్ని ఎవరు చూడాలి? రోగిని పరామర్శించే వాళ్లు పది మంది ఉంటారు. సోంపేటలోనో, పలాసలోనో, హరిపురంలోనో డయాలసిస్ గది బయట బల్ల మీద కూర్చున్న ఆమెను ‘నువ్వు తిన్నావా అమ్మా’ అని అడిగేవాళ్లు ఒక్కరూ ఉండరు.

అందుకే మొదటి విన్నపం. మీ వీధిలో అలాంటి ఇల్లుంటే వారంలో ఒక డయాలసిస్ రోజు మీరు తీసుకోండి. ఆ రోజు బండి మీద తీసుకెళ్లి తీసుకురండి. నలుగురు కుర్రాళ్లు వంతులు వేసుకుంటే ఆ ఇల్లాలికి వారానికి ఒక్క రోజైనా ఊపిరాడుతుంది. డబ్బు లేనివాళ్లు కూడా చేయగల సాయం ఇది. డబ్బు కంటే ముందు కావలసిందీ ఇదే.

ఇంకో మాట చెబుతాం, కష్టపెట్టుకోకండి. చూడడానికి వెళ్తూ పళ్ల సంచీ, కొబ్బరిబొండాలు తీసుకెళ్లకండి. కొబ్బరినీళ్లలో, అరటిపండులో పొటాషియం ఎక్కువ. పాడైన కిడ్నీ దాన్ని బయటికి పంపలేదు. అది రక్తంలో పెరిగితే గుండె ఆగిపోయే ప్రమాదం ఉంది. కొబ్బరి తోటల మధ్య పుట్టి పెరిగిన మనిషి ఒక బొండాం తాగలేకపోవడం ఎంత బాధో మనకు తెలుసు. ఆ మనిషి ముందు కూర్చుని మనం తాగకపోవడం కూడా సాయమే. నీళ్లూ కొలత ప్రకారమే తాగాలి. ‘ఎండలో వచ్చావు, గ్లాసెడు తాగు’ అని బలవంతపెట్టకండి. డయాలసిస్ కోసం ఫిస్టులా వేసిన చేతిని పట్టి లాగకూడదు. ఆ చేతికి బి.పి. చూడకూడదు, సూది గుచ్చకూడదు, ఆ చేత్తో బరువు మోయించకూడదు. ఇంట్లో చిన్నపిల్లలకు కూడా ఈ సంగతి చెప్పి ఉంచండి.

మాట విషయంలోనూ జాగ్రత్త కావాలి. ‘మార్చినా రెండేళ్లేనట’, ‘ఫలానా ఊళ్లో ఆయన టేబులు మీదే పోయాడట’ అని చెప్పడానికి ఆ గుమ్మం ఎక్కవద్దు. మార్చిన కిడ్నీతో పదేళ్లు, పదిహేనేళ్లు, అంతకు మించి బతుకుతున్నవాళ్లు ఉన్నారు. మన దేశంలో కిడ్నీ మార్పిడి 1971లోనే వెల్లూరు సి.ఎం.సి. ఆస్పత్రిలో విజయవంతంగా జరిగింది. యాభై ఏళ్లు దాటిన వైద్యమిది, ప్రయోగం కాదు.

ఇవ్వాల్సింది ఎప్పుడూ ఆడవాళ్లేనా?

కిడ్నీ ఎవరిస్తారనే ప్రశ్న రాగానే ఇంట్లో అందరి చూపూ ఒకరి మీదికే పోతుంది. తల్లి, లేదంటే భార్య. మన దేశంలో బతికుండగా అవయవం ఇస్తున్నవాళ్లలో ఎక్కువమంది ఆడవాళ్లు. పుచ్చుకుంటున్నవాళ్లలో ఎక్కువమంది మగవాళ్లు. తల్లి ప్రేమ, భార్య త్యాగం అని దీన్ని పొగిడి వదిలేయడం అన్యాయం. అన్నదమ్ములేమయ్యారు? కొడుకులేమయ్యారు? ‘వాడు సంపాదించేవాడు’ అంటారు. ఆమె చేసే చాకిరీ సంపాదన కాదా? ఇంకా ఘోరం ఏమిటంటే, అదే జబ్బు భార్యకు వస్తే దాత కోసం ఇంట్లో అంత గట్టిగా వెతకడం లేదు. ఆడమనిషికి కిడ్నీ కావలసి వచ్చినప్పుడు కూడా ఇల్లంతా కదలాలి. ఈ విషయంలో మేం మొహమాటపడం.

అవయవ మార్పిడి చట్టం ప్రకారం భార్యాభర్తలు, తల్లిదండ్రులు, కొడుకులు, కూతుళ్లు, అన్నదమ్ములు, అక్కచెల్లెళ్లు, తాతలు, అమ్మమ్మ, నానమ్మలు, మనవలు, మనవరాళ్లు దగ్గరి బంధువులు. వీళ్లు కాక మరొకరు ఇవ్వాలంటే ఆథరైజేషన్ కమిటీ అనుమతి కావాలి. ఇవ్వదలచిన మనిషికి పద్దెనిమిదేళ్లు నిండాలి. బి.పి., షుగరు, గుండె, రెండు కిడ్నీలు, అన్నీ పరీక్షిస్తారు. జబ్బు ఒకే ఇంట్లో పలువురికి వస్తున్న మన ప్రాంతంలో దాత పరీక్షలు మరీ ముఖ్యం. ఈ పరీక్షల్ని తొందరపెట్టకండి, తప్పించుకోకండి. ఒక్క కిడ్నీతో మనిషి మామూలుగా బతకవచ్చు. అయితే ఏటా ఒకసారి బి.పి., క్రియాటినిన్, మూత్రం చూపించుకోవాలి. ఆపరేషన్ అయిన కొన్ని వారాల పాటు బరువు ఎత్తకూడదు. కిడ్నీ ఇచ్చిన ఆడమనిషిని పది రోజులకే నీళ్ల బిందె మోయమనే ఇల్లు మనకు వద్దు. కిడ్నీ ఇచ్చిన చెల్లెలికి పెళ్లి సంబంధం వస్తే ‘లోపం ఉన్న పిల్ల’ అని వెనక్కి తిరిగే ఊరు మనది కాకూడదు.

ఇవ్వడానికి భయపడే మనిషిని దోషిని చేయవద్దు. సంతకం పెట్టాక, చివరి నిమిషంలో అయినా ‘వద్దు’ అనే హక్కు దాతకు ఉంది. బలవంతంగా తీసుకున్న కిడ్నీతో ఆ ఇంట్లో ఎవరూ సుఖంగా ఉండలేరు. ఇవ్వలేని తమ్ముడు డయాలసిస్‌కు తీసుకెళ్లవచ్చు, మందుల ఖర్చు చూడవచ్చు, అన్న పిల్లల చదువు భరించవచ్చు. అతనికి ఆ దారి తెరిచి ఉంచాలి.

రక్తం గ్రూపు కలవలేదంటే అంతటితో అయిపోయిందనుకోవద్దు. 2011లో చట్టాన్ని సవరించి ఒక వెసులుబాటు పెట్టారు. మీ ఇంటి దాత గ్రూపు మీ రోగికి కలవక, మరో ఇంట్లోనూ అదే చిక్కు ఉండి, మీ దాతది వాళ్లకీ వాళ్ల దాతది మీకూ కలిస్తే, రెండు కుటుంబాలూ మార్చుకోవచ్చు. స్వాప్ అంటారు. ట్రాన్స్‌ప్లాంట్ కోఆర్డినేటరును నోరు తెరిచి అడగండి.

పేరు రాయించండి, దళారీని నమ్మకండి

ఇంట్లో దాత లేకపోతే జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేయించాలి. ఇది ప్రభుత్వ కార్యక్రమం. బ్రెయిన్ డెత్ అయినవారి కుటుంబాలు దానం చేసిన అవయవాలు దీని ద్వారానే వరుస ప్రకారం అందుతాయి. నమోదు మీరు నేరుగా చేసుకునేది కాదు, కిడ్నీ మార్పిడి చేసే ఆస్పత్రి ద్వారా జరగాలి. 65 ఏళ్లు దాటినవాళ్ల పేరు రాయకూడదనే పరిమితిని కేంద్రం 2023లో తీసేయించింది. ఏ రాష్ట్రంవాళ్లు ఆ రాష్ట్రంలోనే నమోదు కావాలనే షరతునూ తీసేయమంది. కాబట్టి పెద్దవాళ్లని ఆశ వదులుకోకండి. పేరు రాయించాక ఫోను నంబరు మార్చకండి. మారిస్తే ఆస్పత్రికి చెప్పండి. పిలుపు అర్ధరాత్రి రావచ్చు, వెంటనే విశాఖకు బయల్దేరాలి. ఆ రాత్రి కారు ఎవరిస్తారు, వెంట ఎవరు వెళ్తారు, పిల్లలు ఎవరింట్లో పడుకుంటారు అన్నది ఈ రోజే అనుకుని పెట్టుకోండి. ఈ పనికి బంధువులే కానక్కర్లేదు, పక్కింటివాళ్లు చాలు.

‘పాతిక లక్షలివ్వండి, నెలలో కిడ్నీ తెస్తాం’ అని వచ్చేవాణ్ని గుమ్మం తొక్కనివ్వకండి. అవయవం కొన్నా, అమ్మినా, బేరం కుదిర్చినా అయిదు నుంచి పదేళ్ల జైలు, ఇరవై లక్షల నుంచి కోటి రూపాయల దాకా జరిమానా. కష్టంలో ఉన్న ఇంటికే వీళ్లు వస్తారు. ఊరు పక్కన నిలబడిన ఇంటికి రావడానికి జంకుతారు.

డబ్బు విషయంలో రావలసింది రాబట్టుకోండి. కిడ్నీ మార్పిడి డాక్టర్ ఎన్టీఆర్ వైద్య సేవ కింద ఉంది. ఏ ఆస్పత్రిలో చేస్తారో ఆరోగ్యమిత్రను అడగండి. డయాలసిస్ చేయించుకుంటున్నవారికి ఎన్టీఆర్ భరోసా కింద నెలకు 10,000 రూపాయల పెన్షన్ ఉంది. అవయవ మార్పిడి చేయించుకున్నవారికీ ఉంది. రైలు టికెట్టులో కిడ్నీ రోగికీ, తోడు వెళ్లే ఒకరికీ రాయితీ ఉంది. పలాసలో రైలెక్కి విశాఖ వెళ్లే మనవాళ్లు చాలామందికి ఈ సంగతే తెలియదు. డాక్టరు రాసిచ్చే కాగితం తీసుకుని స్టేషన్లో అడగాలి. చదువుకున్న పిల్లలారా, ఈ కాగితాల పని మీది. ఒక ముసలాయన సచివాలయం చుట్టూ పది రోజులు తిరిగే పనిని మీరు ఒక పూటలో ముగించగలరు.

హైదరాబాదులో, ముంబయిలో, అండమాన్‌లో, గల్ఫులో ఉన్న మన ఊరివాళ్లకూ ఒక మాట. ఒక్కసారి పెద్ద మొత్తం పంపి ఊరుకోవడం కంటే ప్రతి నెలా కొంత పంపడం ఆ ఇంటికి ఎక్కువ అక్కరకొస్తుంది. ఖర్చు ఆపరేషనుతో ఆగదు.

ఆపరేషన్ అయ్యాకే అసలు జాగ్రత్త

‘మారింది కదా, ఇంక గండం గడిచింది’ అని అందరూ వెనక్కి తగ్గేది ఇక్కడే. కొత్త కిడ్నీని ఒళ్లు పరాయిదిగా చూసి తిప్పికొడుతుంది. అలా కొట్టకుండా ఆపడానికి టాక్రోలిమస్, మైకోఫెనోలేట్, స్టెరాయిడ్ లాంటి మందులు వేస్తారు. ఇవి బతికినన్నాళ్లూ, రోజూ అదే వేళకు వేసుకోవాలి. బాగానే ఉంది కదా అని మానేసిన మందు కిడ్నీని తీసుకుపోతుంది. ఎవరో చెప్పారని పసరు, చూర్ణం, నాటుమందు వేసుకున్నా అంతే. మన తీరంలో తుపానులొచ్చే నెలల్లో దారులు మూసుకుపోతాయి కాబట్టి రెండు వారాల మందు ముందే ఇంట్లో ఉండాలి.

ఈ మందుల వల్ల రోగనిరోధక శక్తి తగ్గుతుంది. తొలి నెలల్లో చిన్న జలుబు కూడా పెద్ద జబ్బవుతుంది. అందుకని ఆపరేషన్ అయిందని బండి కట్టించుకుని పదిహేను మంది పరామర్శకు వెళ్లకండి. జ్వరం, దగ్గు ఉన్నవాళ్లు అసలు వెళ్లకండి. మూత్రం తగ్గినా, జ్వరం వచ్చినా తెల్లారేదాకా ఆగకుండా ఆస్పత్రికి ఫోను చేయాలి. మొదట్లో వారానికి రెండుసార్లు కూడా రక్తపరీక్షకు పిలుస్తారు. అందుకే చాలామంది కొన్ని నెలలు విశాఖలోనే గది తీసుకుని ఉంటారు. విశాఖలో ఇల్లున్న మన ఉద్దానం వాళ్లారా, ఆ కొన్ని నెలలకు మీ ఇంట్లో శుభ్రమైన గది ఒకటి ఇవ్వగలరా? అద్దె, హోటలు కూడు కలిపి ఎన్ని కుటుంబాల్ని ముంచుతున్నాయో మీకు తెలుసు.

మనమూ ఇవ్వాలి

అందరూ పుచ్చుకోవడానికే చూస్తే కిడ్నీ ఎక్కడి నుంచి వస్తుంది? 2023లో దేశం మొత్తం మీద 18,378 అవయవ మార్పిడులు జరిగాయి. ఇంత దేశంలో ఆ ఏడాది చనిపోయాక అవయవాలిచ్చినవాళ్లు 1,099 మంది. మిగతా బరువంతా బతికున్న తల్లులు, భార్యలు, తోబుట్టువుల మీదే పడుతోంది. గుండె కావలసినవాళ్లకైతే ఆ దారి కూడా లేదు.

హైవే మీద ప్రమాదం జరిగి మన బిడ్డ తలకు దెబ్బ తగిలి, డాక్టర్లు బ్రెయిన్ డెత్ అంటే దాని అర్థం కోమా అని కాదు. కోమా నుంచి మనిషి లేవవచ్చు, దీని నుంచి లేవడు. వెంటిలేటరు వల్ల గుండె కొట్టుకుంటున్నట్టు కనిపిస్తుంది, అంతే. బ్రెయిన్ డెత్ అని నలుగురు డాక్టర్లు కలిసి తేల్చాలి. కనీసం ఆరు గంటల తేడాతో రెండుసార్లు పరీక్షించాలి. వాళ్లలో అవయవం అమర్చే బృందంలోని డాక్టరు ఉండకూడదు. చట్టం ఇంత గట్టిగా రాసింది మన అనుమానాలు తెలిసే. అవయవాలు తీశాక ఒంటిని కుట్టి, చూపులకు తేడా లేకుండా అప్పగిస్తారు. ఆ ఖర్చు కుటుంబం మీద పడదు. గుండె, కాలేయం, ఊపిరితిత్తులు, రెండు కిడ్నీలు, క్లోమం, పేగు కలిపితే ఒక మనిషి వల్ల ఎనిమిది మంది దాకా బతకవచ్చు.

2008లో చెన్నై దగ్గర డాక్టర్ దంపతులు ప్రమాదంలో బ్రెయిన్ డెత్ అయిన కొడుకు అవయవాలు ఇచ్చారు. ఆ తర్వాత తమిళనాడులో అవయవదానం గురించి జనం ఆలోచించే తీరే మారిపోయింది. మన జిల్లాలోనూ అంత గుండె దిటవు చూపించిన తల్లిదండ్రులు ఉన్నారు. వాళ్లకు ఊరు చేతులెత్తి దండం పెట్టాలి. ‘డబ్బులకు అమ్ముకున్నారు’ అని నోరు జారేవాణ్ని అక్కడికక్కడే ఆపాలి.

ఆధార్‌తో నోట్టో (జాతీయ అవయవ, కణజాల మార్పిడి సంస్థ) వెబ్‌సైటులో అవయవదాన ప్రతిజ్ఞ చేయవచ్చు. ఉచిత ఫోను 1800-11-4770. అయితే ప్రతిజ్ఞ ఒక్కటే చాలదు. ఆ వేళ వచ్చినప్పుడు డాక్టర్లు అడిగేది ఇంట్లోవాళ్లనే. కాబట్టి ఈ రాత్రి అన్నం దగ్గర కూర్చున్నప్పుడే చెప్పండి: ‘నాకలాంటిది జరిగితే నావి ఇచ్చేయండి.’ అశుభం పలికావని అమ్మ కసురుతుంది. కసిరినా చెప్పండి.

మన దేశంలో విజయవంతమైన తొలి గుండె మార్పిడి 1994 ఆగస్టు 3న ఢిల్లీ ఎయిమ్స్‌లో జరిగింది. చేసిన డాక్టర్ పనంగిపల్లి వేణుగోపాల్ రాజమండ్రిలో పుట్టిన తెలుగువారు. అవయవాల మార్పిడికి చట్టం వచ్చిందీ ఆ ఏడాదే. ఆ ఆగస్టు 3నే ఇప్పుడు దేశమంతా అవయవదాన దినంగా జరుపుతున్నారు. ఈసారి ఆ రోజు ప్రతి ఊళ్లో సచివాలయం దగ్గర సభ పెట్టుకుందాం. మైకులు, దండలు అక్కర్లేదు. ఏఎన్ఎం, ఆశా కార్యకర్త, డయాలసిస్‌కు వెళ్తున్నవాళ్లు, కిడ్నీ ఇచ్చినవాళ్లు మాట్లాడాలి. డయాలసిస్ వంతుల జాబితా అక్కడే రాసుకోవాలి. ప్రతిజ్ఞ చేసేవాళ్లు అక్కడే చేయాలి.

అంతదాకా ఆగాల్సిన పని లేదు. మీ వీధిలో డయాలసిస్‌కు వెళ్లే ఇల్లు ఏదో మీకు తెలుసు. రేపు పొద్దున్న వెళ్లి, ‘ఈ వారం ఏ రోజు వెళ్లాలి? నేను తీసుకెళ్తాను’ అని అడగండి. ఈ కాగితం చదివాక పారేయకండి, పక్కింటికి ఇవ్వండి. చదవడం రానివాళ్లకు చదివి వినిపించండి.

ఇట్లు
ఉద్దానం డయాలసిస్ రోగుల, కిడ్నీ దాతల కుటుంబాలు